తెల్లదారుల మీద సైకిలు



ఇటలీ దేశం నడిమధ్యన టస్కనీ అనే ప్రాంతం ఉంది. దాని రాజధాని ఫ్లోరెన్సు. ఫ్లోరెన్సుకు దక్షిణంగా కొండల్లో సియెనా అని మరో పాత నగరం. ఈ రెండు ఊళ్ల నడుమా, సియెనాకు దిగువన ఉన్న పల్లెసీమలోనూ తారు ఎరుగని దారులు నేటికీ ఉన్నాయి. రాయి నలిగిన తెల్లకంకర, దాని మీద మెత్తని దుమ్ము. దూరం నుంచి చూస్తే పచ్చని కొండవాలు మీద ఒక తెల్లని గీత, దాని పక్కన వరసగా సైప్రస్ చెట్లు. అక్కడివాళ్లు వాటిని స్ట్రాదె బియాంకె, అంటే తెల్లదారులు, అంటారు. ఆ దారుల మీద సైకిలు తొక్కడం ఎలా ఉంటుందో, తారు కింద కనుమరుగు కాకుండా అవి ఎలా బతికాయో ఈరోజు మీతో చెప్పాలని వచ్చాను.

ముందు ఈ దారులు ఎవరివో చెప్పాలి. వందల ఏళ్ల పాటు టస్కనీలో సేద్యం ఎక్కువగా సగపాలు పద్ధతిలో సాగింది. భూమి ఆసామిది, రెక్కల కష్టం రైతుది, పంట చెరిసగం. పాలుకు చేసే కుటుంబం తాను దున్నే పొలంలోనే, గుట్ట మీద కట్టిన రాతి ఇంట్లో ఉండేది. మన దగ్గర ఇళ్లన్నీ ఒక్కచోట ఊరుగా ఉంటాయి, పొలాలు చుట్టూ ఉంటాయి. అక్కడ ఒక్కో గుట్టకు ఒక్కో ఇల్లు. ఆ ఇంటి నుంచి ఆసామి గాదెకు, గాదె నుంచి చర్చికి, చర్చి నుంచి సంతకు బండి పోవడానికి వేసుకున్న బాటలే వీటిలో చాలా భాగం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాలురైతులు పొలాలు వదిలి ఫ్యాక్టరీ పనులకు పట్టణాలు చేరారు. 1964లో కొత్తగా పాలు ఒప్పందాలు రాసుకోకూడదని చట్టం వచ్చింది. గుట్టల మీది ఇళ్లకు తాళాలు పడ్డాయి. మనుషులు వెళ్లిపోయిన బాటకు తారు వేసేదెవరు? దేశమంతటా రోడ్లు నల్లబడుతున్న రోజుల్లో ఇవి తెల్లగా మిగలడానికి అదొక పెద్ద కారణం. ఇవాళ ఆ దారుల అందం చూసి మురిసిపోయేవాళ్లం, ఆ అందం వెనక ఒక వలస ఉందని మరవకూడదు.

కొన్నాళ్లకు జనం మళ్లీ వచ్చారు. పాడుబడ్డ రాతి ఇళ్లను బయటివాళ్లు కొని బాగుచేసుకున్నారు. ద్రాక్షతోటలకు గిరాకీ పెరిగింది. కార్లు వచ్చాయి. కార్ల వెంట తారు వస్తుంది కదా! ఆ పరిస్థితిలో 1997లో, జాంకార్లో బ్రోచ్చి అనే స్థానికుడు గయోలె ఇన్ కియాంటి అనే చిన్న ఊరి నుంచి ఒక సైకిలు యాత్ర మొదలుపెట్టాడు. దాని పేరు ఎరోయికా. మొదటి ఏడాది వచ్చింది 92 మంది. అది పోటీ కాదు, ముందెవరు వెనకెవరు అన్న లెక్క లేదు. షరతల్లా పాత సైకిలు మీద రావాలి. ఇప్పటి నిబంధన ప్రకారం 1987కు ముందు తయారైన రేసు సైకిలు కావాలి. గేర్ల మీటలు ఫ్రేము కిందిగొట్టం మీదే ఉండాలి, బ్రేకు తీగలు బయటికి కనబడాలి, పెడలుకు తోలుపట్టీ ఉండాలి. ఒంటి మీద ఉన్ని చొక్కా. దారిలో ఆగే చోట ప్లాస్టిక్ పొట్లాల్లోని తిండి కాకుండా రొట్టె, ఆలివ్ నూనె, కూరగాయలూ పాతరొట్టే కలిపి ఉడికించిన రిబొల్లీత అనే చారు పెడతారు. దారిని కాపాడాలంటే దాని మీద మనుషులు తిరగాలి అన్నదే ఆ యాత్ర వెనక ఉన్న ఆలోచన. నేడు ప్రతి అక్టోబరులో ఆ చిన్న ఊరికి వేలమంది వస్తున్నారు. యాత్ర సాగే బాటకు పలకలతో గుర్తులు పెట్టి, ఏడాది పొడవునా ఎవరైనా తొక్కేలా ఉంచారు. పూర్తి చుట్టు 200 కిలోమీటర్లకు పైనే. అంత ఓపిక లేనివారికి చిన్న చుట్లు కూడా ఉన్నాయి.

ఈ యాత్ర తలచుకునే పాతకాలపు వీరుల్లో ఒకాయన గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. జీనో బార్తాలి ఫ్లోరెన్సు శివారు పల్లెలో పుట్టినవాడు. ఫ్రాన్సు దేశపు మహాపోటీ తూర్ ద ఫ్రాన్స్‌ను 1938లో ఒకసారి, మళ్లీ పదేళ్లకు 1948లో ఒకసారి గెలిచాడు. ఆ రెండిటి నడుమ యుద్ధం. జర్మన్ సైన్యం ఇటలీని ఆక్రమించిన 1943, 44 సంవత్సరాల్లో, యూదుల ప్రాణాలు కాపాడే దొంగ గుర్తింపు కాగితాలను ఆయన తన సైకిలు గొట్టాల్లో దాచి ఊరూరికీ చేరవేశాడు. సాధన చేస్తున్న చాంపియనును ఆపి సైకిలు విప్పి చూసే ధైర్యం కాపలావాళ్లకు ఉండేది కాదు. బతికి ఉండగా ఆయన దీన్ని చాటుకోలేదు. ఆయన పోయిన 13 ఏళ్లకు, 2013లో, ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ ఆయనను ధర్మాత్ముల జాబితాలో చేర్చింది. సైకిలు ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఇక దారిలోకి వద్దాం. గయోలె నుంచి బయలుదేరిన కాసేపటికే బ్రోలియో కోటకు ఎక్కే వాలు వస్తుంది. ఎరోయికా రోజున దూరపు చుట్టు తొక్కేవాళ్లు తెల్లవారకముందే బయలుదేరతారు. వాళ్ల కోసం ఆ ఎక్కుడంతా రెండు పక్కలా దీపాలు పెడతారు. పైన ఉన్న కోట రికసోలి వంశానిది, 12వ శతాబ్దం నుంచీ వాళ్ల చేతిలోనే ఉంది. ఆ వంశంలోని బెత్తీనో రికసోలి 1861లో మొదటి ప్రధాని కవూర్ చనిపోయాక ఇటలీకి రెండో ప్రధానమంత్రి అయ్యాడు. కియాంటి ద్రాక్షసారాకు ఏ రకం ద్రాక్ష ఏ పాళ్లలో కలపాలో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి తేల్చినవాడు కూడా ఆయనే. ఆ కోట గోడ కింద నిలబడి చూస్తే నైరుతిలో దూరంగా సియెనా బురుజులు కనిపిస్తాయి. ఫ్లోరెన్సు, సియెనాలు శతాబ్దాలు కొట్టుకున్న సరిహద్దు ఇదే. 1260 సెప్టెంబరు 4న సియెనాకు తూర్పున, ఆర్బియా నది దగ్గర మోంతాపెర్తి అనే చోట జరిగిన యుద్ధంలో ఫ్లోరెన్సు సేన చిత్తుగా ఓడింది. ఆ నది నెత్తుటితో ఎర్రబడిందని కవి దాంతే తన కావ్యంలో తలచుకున్నాడు. నేటికీ అక్కడ సైప్రస్ చెట్ల మధ్య ఒక చిన్న రాతి స్మారకం ఉంది.

కొండదారిని కారులో చూసినవాళ్లకు ఊళ్లు గుర్తుంటాయి. సైకిలు మీద వచ్చినవాళ్లకు నేల గుర్తుంటుంది. కియాంటి కొండల్లో రాయి ఎక్కువ, కంకర పదునుగా ఉంటుంది, చక్రం కింద కరకరమంటుంది. ఓక్ చెట్ల అడవి, దాని మధ్య ద్రాక్షతోట, మళ్లీ అడవి. సియెనా దాటి దక్షిణానికి దిగేసరికి అడవి పలచబడి బంకమట్టి నేల మొదలవుతుంది. దీన్ని క్రేతె సెనేసి అంటారు. లక్షల ఏళ్ల కిందట ఇదంతా సముద్రం అడుగు. ఆ మట్టిలో నేటికీ గవ్వలు దొరుకుతాయి. వానకు కోసుకుపోయిన చోట బూడిదరంగు గండ్లు లోతుగా తెరుచుకుని ఉంటాయి. మిగిలిన చోటంతా గోధుమచేలే. ఏప్రిల్‌లో చూస్తే కంటిచూపు ఆనినంత మేరా లేతపచ్చన. కోత అయ్యాక ఆగస్టులో చూస్తే అదే నేల నిప్పులు చెరుగుతుంటుంది.

ఈ దారులకు తగిన సైకిలును ఇప్పుడు గ్రావెల్ సైకిలు అంటున్నారు. చూడటానికి రేసు సైకిలే, హ్యాండిలు కిందికి వంగి ఉంటుంది. తేడా టైర్లలో ఉంది. రోడ్డు సైకిలు టైరు 25 నుంచి 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే దీనిది 40 దాకా, ఇంకా పైన కూడా ఉంటుంది. గాలి తక్కువ పెడతారు. టైరు వెడల్పుగా, మెత్తగా ఉంటే కంకర మీద పరుచుకుని పట్టు దొరుకుతుంది, చేతులకు అదురు తగ్గుతుంది. ట్యూబు లేకుండా లోపల జిగురుద్రవం పోస్తే చిన్న చిన్న ముళ్లు గుచ్చుకున్నా అదే పూడ్చుకుంటుంది. ఎక్కుడు కోసం బాగా తేలిక గేర్లు తప్పనిసరి. ఖరీదైన సైకిలు కావాలని మాత్రం అనుకోకండి. ఎరోయికాలో తాతల నాటి ఉక్కు సైకిళ్ల మీద సన్నటి టైర్లతో ఈ 200 కిలోమీటర్లూ తొక్కేవాళ్లు వందల మంది ఉంటారు.

మట్టిదారి తొక్కడానికి కొన్ని మెళకువలున్నాయి. ఎక్కుడులో సీటు మీంచి లేవకూడదు. లేస్తే బరువు ముందుకు పోయి వెనక చక్రం కంకరలో ఉత్తినే తిరుగుతుంది. దిగుడులో మలుపు రాకముందే బ్రేకు వేయాలి, మలుపు లోపల వేస్తే ముందు చక్రం జారుతుంది. హ్యాండిలును గట్టిగా బిగించి పట్టుకోకూడదు. వదులుగా పట్టుకుంటే సైకిలు తన దారి తానే వెతుక్కుంటుంది. అన్నిటికంటే విసిగించేవి అడ్డగట్లు. వేగంగా పోయే బండ్ల చక్రాలు ఎగిరెగిరి పడి, కంకర దారి కొన్నాళ్లకు రేకుల షెడ్డు కప్పులా ఎగుడుదిగుడు వరసలు దేరుతుంది. దాని మీద సైకిలు పళ్లు కదిలేలా ఊగుతుంది. దారి అంచున, గడ్డికి ఆనుకుని ఒక జానెడు వెడల్పున నేల గట్టిగా ఉంటుంది. అలవాటైనవాళ్లు దాన్ని పట్టుకుని పోతారు.

దక్షిణపు కొసన కొండ మీద మోంతల్చీనో ఊరు, 560 మీటర్ల ఎత్తున. 1555లో సియెనా గణరాజ్యం శత్రువులకు లొంగిపోయినప్పుడు, లొంగడం ఇష్టంలేని కుటుంబాలు ఈ కొండకోటకు వచ్చి మరో నాలుగేళ్లు తమ రాజ్యం ఇంకా ఉందని నిలబడ్డాయి. ఆ ఎక్కుడు కాళ్లతో ఎక్కినవాళ్లకు అది ఎందుకు సాధ్యమైందో వేరే చెప్పనక్కర్లేదు. 2010 మే నెలలో ఇటలీ మహాపోటీ జీరో దితాలియా ఈ ఊరికి తెల్లదారుల మీదుగా వచ్చింది. ఆ రోజు కుండపోత వాన. తెల్లదుమ్ము బురదయింది. ప్రపంచ చాంపియను చొక్కా తొడుక్కున్న ఆస్ట్రేలియా వాడు కాడెల్ ఎవాన్స్ ఆ పందెం గెలిచాడు. గీత దాటేసరికి ఆ చొక్కా మీద హరివిల్లు రంగులు కనబడలేదు, నెత్తి నుంచి కాలి దాకా ఒకటే మట్టి. బంకమట్టి నేల మీద వాన పడితే చక్రానికీ బ్రేకుకూ మధ్య మట్టి పేరుకుని సైకిలు కదలదు. నల్లరేగడి ఊళ్లలో పెరిగిన మన శ్రోతలకు ఇది కొత్త సంగతి కాదు.

మోంతల్చీనో దిగితే బుయోన్‌కొన్వెంతో. ఎర్ర ఇటుక గోడల మధ్య ఒక చిన్న ఊరు. పవిత్ర రోమన్ చక్రవర్తి ఏడో హెన్రీ 1313 ఆగస్టులో ఇక్కడే జ్వరంతో చనిపోయాడు. అదే ఏడు, దగ్గర్లోని బంకమట్టి గుట్టల్లో కొందరు సియెనావాసులు సంపదలు వదులుకుని తపస్సుకు కూర్చున్నారు. ఆ చోటే తర్వాత మోంతె ఒలివేతో మజ్జోరె అనే పెద్ద మఠం అయింది. ఆ మఠానికి పోయే దారి పక్కనే మట్టి గండ్లు నోరు తెరుచుకుని ఉంటాయి. ఎండలో అక్కడికి చేరి మఠం ప్రాంగణంలో చెట్ల నీడన నిలబడటం నా దృష్టిలో ఈ ప్రాంతం మొత్తంలో దొరికే గొప్ప సుఖం.

ఈ పరిసరాల్లోనే ఆ మఠం కన్నా పాతదారి ఒకటి ఉంది. క్రీస్తుశకం 990లో ఇంగ్లండులోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ రోము నుంచి ఇంటికి తిరిగి వెళుతూ తాను ఆగిన మజిలీల పేర్లు వరసగా రాయించాడు. దాదాపు 80 మజిలీలు. అందులో సియెనా ఉంది, ఈ చుట్టుపక్కల పల్లెలూ ఉన్నాయి. వెయ్యేళ్ల నాటి ఆ పట్టీని పట్టుకునే ఇప్పుడు ఫ్రాంచీజెనా యాత్రామార్గాన్ని గుర్తించారు. కొన్ని చోట్ల యాత్రికులూ సైకిళ్లవాళ్లూ ఒకే తెల్లదారి మీద ఎదురుపడతారు. ఎదురుపడినప్పుడు వేగం తగ్గించి పలకరించి పోవడం అక్కడి మర్యాద.

అషానో ఊరు దాటాక వచ్చేది మోంతె సాంతె మారియె. పదకొండున్నర కిలోమీటర్ల ఏకధాటి మట్టిదారి. దిగుతుంది, నిట్టనిలువుగా ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. చెట్టు లేదు, ఇల్లు ఎక్కడో ఒకటి. ఎరోయికా స్ఫూర్తితో 2007లో ఇదే నేల మీద స్ట్రాదె బియాంకె అనే వృత్తి సైకిలిస్టుల పోటీ మొదలైంది. ఇప్పుడది ఏటా మార్చిలో జరుగుతుంది. 2015 నుంచి స్త్రీలకూ ఈ పోటీ ఉంది. స్విట్జర్లాండుకు చెందిన ఫాబియన్ కాంచెలారా 2008, 2012, 2016లలో మూడుసార్లు గెలిచినందుకు మోంతె సాంతె మారియె దారికి ఆయన పేరు పెట్టారు. 2024లో స్లొవేనియా కుర్రవాడు తదేయ్ పొగాచర్ ఈ దారి మీదే అందరినీ విడిచి, ఇంకా 81 కిలోమీటర్లు మిగిలి ఉండగా ఒంటరిగా బయలుదేరి, చివరిదాకా ఎవరికీ చిక్కకుండా గెలిచాడు. వందేళ్ల పైబడిన పోటీలెన్నో ఉన్న యూరపులో 2007లో పుట్టిన ఈ పోటీకి అంత పేరు రావడానికి కారణం ఆ దారులే.

పోటీ ముగిసేది సియెనా నడిబొడ్డున. సాంతా కాతెరీనా వీధి అనే ఇరుకు రాతిసందు 16 శాతం వాలుతో పైకి లేస్తుంది. సందు దాటి రెండు మలుపులు తిరిగితే గవ్వ ఆకారంలో పరుచుకున్న కాంపో మైదానం. పోటీ ముగిసే గీత ఎదుటే పాత నగరసభ భవనం ఉంటుంది. ఆ భవనం లోపల అప్పట్లో నగరాన్ని ఏలిన తొమ్మిదిమంది పాలకులు కూర్చున్న గది గోడల మీద అంబ్రోజో లోరెంజెత్తి అనే చిత్రకారుడు 1338, 39 సంవత్సరాల్లో మంచి పాలననూ చెడు పాలననూ బొమ్మకట్టాడు. నగరం చూడటానికి వచ్చినవాళ్లు చాలామంది అందులోని నగరం బొమ్మ చూసి కదిలిపోతారు. మీరు ఎప్పుడైనా వెళితే కుడివైపున ఉన్న పల్లె బొమ్మ ముందు నిలబడండి. కోట ద్వారం లోంచి ఒక దారి బయటికి వచ్చి కొండల్లోకి పోతుంది. దాని మీద గుర్రాల మీద వేటకు పోయే దొరలు, భుజాల చుట్టూ తెల్లపట్టీ ఉన్న పందిని తోలుకుని ఎదురుగా వచ్చే రైతు, మూటలు మోసే గాడిదలు, పక్కన కోతలు, నూర్పిళ్లు. ఆకాశంలో భద్రత అనే దేవత. ఆమె చేతిలోని పట్టీ మీద రాసినదాని సారం, ఈ నేల మీద ప్రతి మనిషీ భయం లేకుండా నడవగలగాలని. ఎదుటి గోడ మీద చెడు పాలన. అక్కడ పొలాలు బీడు, ఊళ్లు మంటలు, భయం అనే భూతం కత్తి పట్టుకుని పైన తిరుగుతుంటుంది. దారి మీద సాయుధులు తప్ప మామూలు మనిషి కనబడడు.

దారి మీద మామూలు మనిషి నిర్భయంగా పోగలిగితేనే అది మంచి పాలన అని దాదాపు 700 ఏళ్ల కిందట ఒక నగరం తన పాలకుల కళ్లెదుట గోడ మీద రాయించుకుంది. సియెనా చుట్టూ సైకిలు తొక్కినవాళ్లకు ఆ బొమ్మ కేవలం పాత బొమ్మ కాదు. అందులోని కొండలను పొద్దున్నే కాళ్లతో ఎక్కి వచ్చి ఉంటాం. సియెనా నగర కేంద్రాన్ని 1995లోనూ, దక్షిణాన ఉన్న ఒర్చా లోయను 2004లోనూ యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. లోయను గుర్తించడంలోనే గొప్పతనం ఉందని నా అభిప్రాయం. కోటను, గుడిని కాపాడాలని ఎవరైనా ఒప్పుకుంటారు. పొలం, చెట్ల వరస, రైతు ఇల్లు, వాటిని కలిపే మట్టిదారి కూడా మనిషి కట్టిన కట్టడమేనని ఒప్పుకోవడానికి వేరే చూపు కావాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. ఏప్రిల్, మే నెలలు లేదా ద్రాక్షకోతల సెప్టెంబరు, అక్టోబరు మంచివి. జులై, ఆగస్టు వద్దు. నీళ్లకు ఇబ్బంది పడితే ఊరి శ్మశానం వెతకండి. అక్కడ పూలకుండీల కోసం కుళాయి ఉంటుంది, ఇటలీలో సైకిలువాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. మధ్యాహ్నం పల్లెల్లో దుకాణాలు మూసేస్తారు కాబట్టి తిండి ముందే కట్టుకోండి. ఎవరి తోటలోంచీ ఒక్క ద్రాక్షగుత్తి కూడా కోయకండి. కారు వస్తుంటే దుమ్ముకు కళ్లద్దాలు తప్పనిసరి.

ఇప్పుడు మన సంగతి. మన పల్లెలకు తారురోడ్డు వద్దని నేను అనడం లేదు. పురిటి నొప్పుల తల్లిని ఆసుపత్రికి చేర్చాలన్నా, పాలక్యాన్లు పొద్దున్నే కేంద్రానికి చేరాలన్నా గట్టి రోడ్డు కావాల్సిందే. నేను చెప్పేది ఆ రోడ్డుకు పక్కన, పొలాల మధ్యన ఉన్న పాత బాటల గురించి. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, కృష్ణా గుంటూరు సీమలో డొంక అంటారు, తెలంగాణలో బండ్లబాట అంటారు. కొండవీడు చుట్టూ, రాచకొండ గుట్టల్లో, గండికోట పరిసరాల్లో పాత కోటకూ పాత చెరువుకూ పాత గుడికీ మధ్య ఇలాంటి బాటలే ఉండేవి. ఎద్దుబండి పోయాక వాటి మీద నడిచేవాళ్లు తగ్గారు. నడక తగ్గిన చోట ముళ్లకంప పెరుగుతుంది, ఆ తర్వాత గట్టు జరుగుతుంది, చివరికి బాట పొలంలో కలిసిపోతుంది. నక్షాలో గీత ఉంటుంది, నేల మీద దారి ఉండదు.

సెలవులకు ఊరు వెళ్లే యువతీయువకులకు నాదొక విన్నపం. మీ ఊరి గ్రామ నక్షా ఒకసారి అడిగి చూడండి. అందులో బాటగా రాసి ఉన్న వాటిలో ఒకదాని మీద, చలికాలం పొద్దున, ఇంట్లో ఉన్న సైకిలుతోనే వెళ్లండి. ఊళ్లో పెద్దవాళ్లెవరినైనా ఆ బాట ఏ ఊరికి పోయేదో, ఏ సంతకు పోయేదో అడిగి రాసుకోండి. ఎక్కడ మూసుకుపోయిందో పంచాయతీకి చెప్పండి. తర్వాతి ఆదివారం మరో నలుగురిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి. గయోలెలో మొదటి ఏడాది బయలుదేరింది 92 మందే.